ఇల్లు, వ్యాపారం రెండూ నడిపే మహిళ ఏ పనిని ముందు పెట్టుకోవాలి?

ప్రశ్న అడిగిన సోదరి ఇంట్లోనే మగ్గం పని, బ్లౌజులు కుట్టే వ్యాపారం చేస్తున్నానని, పొద్దున లేచింది మొదలు అన్ని పనులూ తక్షణమే చేయాల్సినవిగా కనిపిస్తున్నాయని, దేన్ని ముందు పెట్టుకోవాలో, సమయాన్ని ఎలా సర్దుకోవాలో చెప్పమని రాశారు. నేను ప్రొద్దుటూరులో పిండివంటలు తయారుచేయించి అమ్ముతాను. పెళ్లి సారెలకు అరిసెలు, కజ్జికాయలు, లడ్లు, నిప్పట్లు మా దగ్గర చేయించుకుంటారు. నాకు తెలిసినంతలో జవాబు ఇది: ఆగితే చెడిపోయే పని ఏదో ముందు చూసుకోండి; తర్వాత ఆ పనికి మీ చెయ్యే కావాలా, వేరొకరి చెయ్యి సరిపోతుందా అని చూసుకోండి. మిగిలిన సలహాలు, నా దృష్టిలో, జీతం పుచ్చుకుని ఆఫీసు గదిలో తలుపు వేసుకుని కూర్చునేవారి కోసం పుట్టినవి.

అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ పేరు మీద చలామణి అవుతున్న నాలుగు గళ్ల పద్ధతి ఒకటి ఉంది. ముఖ్యమైనవి, అత్యవసరమైనవి అంటూ పనులను గళ్లలో సర్దమంటారు. పొద్దున ఏడు గంటలకు పిల్లల క్యారియరు, అత్తమ్మ మాత్రలు, పాలవాడి లెక్క, కూలికి వచ్చిన ఆడవాళ్లకు పని పురమాయింపు, రాత్రి వచ్చిన ఆర్డర్లకు జవాబులు, ఇవన్నీ ముఖ్యమూ అత్యవసరమూ అయిన మొదటి గడిలోనే పడతాయి. మిగిలిన మూడు గళ్లూ ఖాళీగా మిగులుతాయి. ఇరవై అయిదు నిమిషాలు ఏకాగ్రతతో పనిచేసి అయిదు నిమిషాలు విశ్రాంతి తీసుకోమనే పొమొడోరో పద్ధతి కూడా అంతే. నూనె కాగుతున్న బాణలి ముందు నుంచి విశ్రాంతికి లేచి వెళ్లమనే మనిషి పొయ్యి ముఖం చూసి ఉండడు. ఇక తెల్లవారుజామున నాలుగింటికి లేవమని వీడియోల్లో చెప్పేవారికి, రాత్రి గిన్నెలు ఎవరు తోముతున్నారో ముందు చెప్పమని నా మనవి.

ఒక వైశాఖమాసపు పెళ్లి సారె గురించి చెబితే నా మాట స్పష్టమవుతుంది. మా ఊరికి బంగారానికీ, బట్టలకూ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లివారు వస్తారని అందరికీ తెలుసు. ఆ రాకలోనే చాలామంది సారెకు కూడా మాట చెప్పి వెళతారు. జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం అలాగే అరిసెలు చెప్పి వెళ్లింది. అరిసె పని ముందురోజే మొదలవుతుంది. బియ్యం నానాలి, నీళ్లు ఒడిలాక గుడ్డ మీద నీడన ఆరాలి, చేతికి ఇంకా చెమ్మ తగులుతూ ఉండగానే పిండి పట్టించాలి. తడి బియ్యం మరకు అంటుకుంటుందని మిల్లాయన పొడి గిరాకీ అంతా అయ్యాక గానీ మావి పొయ్యడు, కాబట్టి ఆ వేళ మన చేతిలో ఉండదు. పిండి వచ్చాక ఆరిపోకుండా అదిమి, మూతపెట్టి, వెంటనే బెల్లం పొయ్యి మీదికి ఎక్కించాలి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండ కట్టాలి. అంతకన్నా లేతగా దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే పళ్లకు పని పెడుతుంది.

సరిగ్గా పాకం ఆ దశకు వస్తున్నప్పుడు మైదుకూరు నుంచి మా ఆడపడుచు అత్తగారి తరఫు వాళ్లు వచ్చి వరండాలో కూర్చున్నారు. అప్పుడే ఒక బ్యాంకు నుంచి రుణం కాగితాల మీద నా సంతకంతో పాటు మా ఆయన సంతకం కూడా కావాలని ఫోను వచ్చింది. వ్యాపారం నా పేరున, ఖాతా నా పేరున, తాకట్టు పెట్టిన బంగారం మా అమ్మ పెట్టినది. ఆయన సంతకం ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు. కాఫీ సంగతేమిటని అత్తమ్మ లోపలికి వచ్చి అడిగింది. నేను పళ్లెంలో నుంచి కళ్లు ఎత్తకుండా, “పాకం దించేదాకా నన్ను పిలవాకండి” అన్నాను. ఆ మాట వరండా దాకా వినిపించింది. మా ఆయన వంటగదిలోకి వెళ్లి చక్కెర డబ్బా ఎక్కడుందని అడిగి, తర్వాత కాఫీపొడి ఎక్కడుందని అడిగి, చివరికి కాఫీ కలిపి ఇచ్చాడు. చుట్టాలు తాగారు, చక్కెర ఎక్కువైందని ఒకరు అన్నారు, అంతకు మించి ఏమీ జరగలేదు. బ్యాంకు కాగితం మరుసటి రోజు కూడా అక్కడే ఉంది. ఆ పూట వచ్చిపడిన పనుల్లో నిజంగా ఆగలేనిది పాకం ఒక్కటే. మిగిలినవి ఆగలేనట్టు కనిపించడానికి కారణం, వాటి వెనుక ఎవరో ఒకరు నిలబడి నన్ను పిలుస్తూ ఉండడం.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సర్వే ప్రకారం, సొంత ఇంటివారి కోసం జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆడవారివి 289 నిమిషాలకు తగ్గాయి. మగవారివి కూడా 88కి తగ్గాయి. మనకు పది నిమిషాలు మిగిలితే వాళ్లు తొమ్మిది మిగుల్చుకున్నారు. అందుకే, వ్యాపారంలో మొదటి లాభం కళ్లబడగానే మొదటి జీతం ఇంటిపని మనిషికి ఇవ్వాలని నేను ఎవరు అడిగినా చెబుతాను. కుట్టు మనిషిని, ప్యాకింగు మనిషిని తర్వాత చూసుకోవచ్చు. మా ఆడిటరు ఆ డబ్బును వ్యాపారం ఖర్చుగా ఒప్పుకోక సొంత వాడకం కింద రాస్తాడు. ఆయన ఏ కింద రాసుకున్నా, నా లెక్కలో అది బెల్లం, నూనెల కంటే ముందు వచ్చే ఖర్చు. గొప్పలకు పోయిందనే మాట బంధువుల్లో వస్తుంది, రానివ్వండి.

ఇక రోజువారీ పట్టిక కంటే మన వ్యాపారాలకు పంచాంగమే మేలైన పట్టిక. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాలతో నిండి ఉంటాయి; ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. నేను గ్రైండరు మరమ్మతు, లైసెన్సు రెన్యువలు, పాత బాకీల వసూలు, పిల్లల పంటి డాక్టరు, అన్నిటినీ ఆ ఖాళీలోకే నెడతాను. జీఎస్టీ మాత్రం మూఢం చూడదు. అయితే 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారు రిటర్నును మూడు నెలలకొకసారి వేసుకునే వీలు 2021 జనవరి నుంచి ఉంది. పన్ను నెలనెలా కట్టక తప్పదు గానీ, ప్రతి నెలా ఇరవయ్యో తేదీ దగ్గరపడగానే బిల్లుల కోసం వచ్చే ఫోన్ల బెడద చాలా తగ్గింది.

మీ పనికి ఇది ఎలా వర్తిస్తుందంటే, మగ్గానికి బిగించిన గుడ్డ మీద సగంలో ఉన్న పువ్వు, కత్తెర పడిన పట్టుబట్ట, ముహూర్తం తేదీ ఉన్న బ్లౌజు, ఇవి మీ పాకాలు. కొలతలు ఇవ్వడానికి, డిజైన్లు చూడడానికి వచ్చేవారు పాకం కాదు. వారికి సాయంత్రం ఒక వేళ నిర్ణయించి, గుమ్మం పక్కన బోర్డు రాసి తగిలించండి. “ఇంట్లోనే కదా ఉంటావు” అని మధ్యాహ్నం తలుపు కొట్టేవారు కొన్నాళ్లు గొణుగుతారు. నేను గమనించినంతలో, అలా వేళ కాని వేళ వచ్చేవారే డబ్బు కూడా ఆలస్యంగా ఇస్తారు, కాబట్టి వారిలో కొందరు వేరే దుకాణం చూసుకున్నా మీకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు.