1,48,000 కిలోమీటర్లు తిరిగిన హైబ్రిడ్: అమ్మెయ్యాలా, కాచుకోవాలా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. రొయ్యల మేత, మందుల డీలరుని. చెరువుల మీద తిరగడానికి 2022 చివర్లో టయోటా హైరైడర్ హైబ్రిడ్ కొన్నాను. లోను తీరిపోయింది. ఇప్పటికి 1,48,000 కిలోమీటర్లయింది, నెలకి 3,500 దాకా తిరుగుతాను. బండితో ఏ ఇబ్బందీ లేదు. ఈసారి సర్వీసుకిస్తే మాత్రం 42,000 రూపాయలకు అంచనా రాసిచ్చారు. బాగున్న బండికి ఇంత ఎందుకంటున్నాడు మా ఊరి మెకానిక్కు. బ్యాటరీ పోతే లక్షల్లో అవుతుంది, ఇప్పుడే అమ్మెయ్యమని మా అబ్బాయి గొడవ. 8 లక్షలకు అడుగుతున్నారు. కొత్తది 20 లక్షలవుతుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మొద్దండి. అంచనాలో ఉన్నవన్నీ చేయించనూ వద్దు. ముందు మీరు రాయని అంకె ఒకటి చూద్దాం. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజన్‌తోపాటు కరెంటు మోటారు కూడా ఉన్న బండి. ఆ మోటారుకి కరెంటిచ్చే హైబ్రిడ్ బ్యాటరీకి టయోటా ఇచ్చే వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందొస్తే అది. 2030 దాకా ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. మీకు మిగిలింది 12,000 కిలోమీటర్లే, అంటే మూడున్నర నెలలు. మిగతా బండికి ఇచ్చే 3 ఏళ్ల, లక్ష కిలోమీటర్ల వారంటీ ఎప్పుడో దాటేశారు. కాబట్టి ఈ లోపలే కంపెనీ సర్వీసు సెంటరులో హైబ్రిడ్ బ్యాటరీకి పరీక్ష చేయించి, రిపోర్టు కాగితం మీద తీసుకోండి. లోపం ఉంటే ఇప్పుడే బయటపడాలి. గడువు దాటాక బయటపడితే ఖర్చంతా మీదే. పాత సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి వెంట తీసుకెళ్లండి, వారంటీ అడిగే రోజున అవే మీకు సాక్ష్యం.

మీ అబ్బాయి భయాన్ని కొట్టిపారెయ్యను, కానీ లెక్క వేసి చూపించండి. కొత్త బండికి 12 లక్షలు అప్పు చెయ్యాలి. 9 శాతం వడ్డీతో అయిదేళ్లకు తీసుకుంటే వాయిదా నెలకి సుమారు 24,900. మీ 3,500 కిలోమీటర్ల మీద పంచితే, పెట్రోలు కాకుండానే కిలోమీటరుకు 7 రూపాయలు పైన. అయిదేళ్లలో వడ్డీ ఒక్కటే దాదాపు 2,95,000. కొత్త బండి మన ఆస్తే కదా అంటారేమో. మీ తిరుగుడికి అయిదేళ్లలో అదీ 2 లక్షల కిలోమీటర్లు దాటుతుంది. అప్పుడు దాన్ని కూడా ఇప్పుడు ఈ బండిని అడిగినట్టే అడుగుతారు.

దాని బదులు కిలోమీటరుకు రూపాయిన్నర పక్కన పెట్టండి. నెలకి 5,250, ఏడాదికి 63,000. ఇందులో సగం మరమ్మతులకు, సగం బ్యాటరీకి. కొత్త బ్యాటరీ ఎంతవుతుందో సర్వీసు సెంటరులో రాయించి తీసుకోండి, నోటిమాట వద్దు. లక్షన్నర అన్నారనుకుందాం. ఏడాదికి 31,500 చొప్పున అయిదేళ్లలో 1,57,500 జమవుతుంది. ఎక్కువ అన్నారంటే రూపాయిన్నరని రెండు రూపాయలు చెయ్యండి, అప్పటికీ వాయిదాలో మూడో వంతు కూడా కాదు. బ్యాటరీ పోలేదా, ఆ సొమ్ము తర్వాతి బండికి పనికొస్తుంది.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మన వైపు అలవాటు నాకు తెలుసు. రెండు రూపాయల వడ్డీ వస్తుందని దీన్ని ఏ చెరువు రైతుకో ఇవ్వకండి. వైరస్ వచ్చి పంట పోయిందంటే మీ మేత బాకీతోపాటు బండి డబ్బూ ఆ చెరువులోనే ఆగిపోతుంది. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే గానీ అయిదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసుకోనివ్వరు. దీనికి విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరిచి, నెల మొదట్లో దానంతటదే జమయ్యేలా పెట్టండి. ఏడాది ఖర్చుకి సరిపడా ఉంచుకుని మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకోండి.

ఇక ఆ 42,000 అంచనా. ఏసీకి సువాసన స్ప్రే, ఇంజన్‌కి పాలిష్ లాంటివి ఉంటే కొట్టేయండి. బ్రేకుల పని మాత్రం పైసా తగ్గించకుండా చేయించండి. ఎందుకో నా అనుభవమే చెబుతాను.

నాదీ హైబ్రిడ్ కారే. పోయిన వానాకాలం పాలకొల్లు నుంచి రాజోలు వెళ్తున్నాను. చించినాడ వంతెన దిగాక వెనక ఎడమ చక్రం దగ్గర కీచుమని సన్నటి చప్పుడు. చక్రం విప్పించి చూస్తే, బయటి ప్యాడ్ సగానికి పైగా ఉంది. లోపలిది పూర్తిగా అరిగిపోయి, దాని వెనక ఇనుప రేకు డిస్కుని గీస్తోంది. ప్యాడ్లను డిస్కుకి నొక్కే క్యాలిపర్ పిన్ను బయటకు లాగితే గ్రీజు ఉండాల్సిన చోట ఎర్రటి తుప్పు పొడి రాలింది. నెల కిందటే సర్వీసులో బ్రేకులు బాగున్నాయని టిక్కు పెట్టారు, పైకి కనిపించే ప్యాడ్ ఒక్కటే చూసి. డిస్కు, ప్యాడ్లు రెండూ మార్చాల్సొచ్చింది. శుభ్రం చేసి కాస్త గ్రీజు రాస్తే పోయే పని.

హైబ్రిడ్‌లో మీరు బ్రేకు తొక్కితే ముందు మోటారే జనరేటరులా పనిచేసి బండిని నెమ్మదింపజేస్తుంది, ప్యాడ్లకు పెద్దగా పనుండదు. అందుకే ఎక్కువ కాలం వస్తాయంటారు, నిజమే. కానీ సముద్రపు గాలి, చెరువు గట్ల మీది ఉప్పు తడి ఉన్నచోట పని లేని ఇనుము తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఏటా వానలు తగ్గాక నాలుగు చక్రాలూ విప్పించి, మీరు పక్కనే నిలబడి లోపలి ప్యాడ్ కూడా చూడండి.

బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చే జాలీ ఎక్కడుందో బండి మాన్యువల్‌లో ఉంటుంది. మేత సంచులు, శాంపిల్ ప్యాకెట్లు కార్లోనే తిప్పుతుంటారు కాబట్టి దీన్ని మరీ మరీ చెబుతున్నాను. ఆ మేత పొడి జాలీకి పట్టేస్తే గాలి ఆడక బ్యాటరీ వేడెక్కుతుంది, వేడి దాని ఆయుష్షు తినేస్తుంది. మూడు నెలలకోసారి శుభ్రం చేయించండి, దాని ముందు సంచి ఆనించకండి. నాకడిగితే ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ఖర్చుని ఆపే పని ఈ బండిలో ఇంకోటి లేదు.

వేడి తగ్గించే ద్రవం, అదే కూలెంట్, ఇంజన్‌కి వేరు, బ్యాటరీ కరెంటుని మోటారుకి అందించే ఇన్వర్టర్‌కి వేరు. రెండిటి మట్టమూ చూపించుకోండి. తగ్గిందని దారిలో ఎవరైనా బోరు నీళ్లు పోస్తామంటే వద్దనండి, మన తీరాన బోరు నీళ్లలో ఉప్పెంతో మీకు చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఇంతవరకు మార్చకపోతే ఒకసారి మార్పించండి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ మూడేళ్లు దాటింది కాబట్టి పరీక్ష చేయించండి, అది చచ్చిపోతే ఎంత పెద్ద హైబ్రిడ్ బ్యాటరీ ఉన్నా బండి లేవదు. నారింజ రంగు తొడుగున్న వైర్ల జోలికి మీ ఊరి మెకానిక్కును వెళ్లనివ్వకండి. అందులో ప్రాణం తీసే కరెంటు ఉంటుంది.

కోతలయ్యాక పొలం ఎలుకలు ఇళ్లవైపు వస్తాయి, బండిలో దూరి వైర్లు కొరుకుతాయి. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో బండిని గడ్డిమేటు పక్కన పెట్టకండి.

ఇన్సూరెన్సు రెన్యువల్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ ఉందో లేదో చూడండి, హైబ్రిడ్ భాగాలకు నీళ్ల వల్ల జరిగే నష్టం అందులోకి వస్తుందో రాతలో అడగండి. వరదలో బండి మునిగితే స్టార్ట్ బటన్ నొక్కకుండా లాగించుకెళ్లాలి. ఈ ఖర్చుల బిల్లులు మీ ఆడిటరుకివ్వండి. వ్యాపారానికి తిరిగిన మేరకు ఖర్చుగా చూపొచ్చు, అమ్మకాల మీద ఇంత శాతం లాభమని అంచనా పద్ధతిలో పన్ను శాఖకి ఆదాయం చూపిస్తుంటే మాత్రం ఈ ఖర్చులు విడిగా తగ్గించుకోనివ్వరు.

మీటరు 1,55,000 దాటకముందే బ్యాటరీ పరీక్ష అయిపోవాలి, అంటే రెండు నెలలే. రిపోర్టు, బ్యాటరీ కొటేషన్ రెండూ చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. కిలోమీటరుకు పెట్టాల్సిన అంకె అప్పుడు సరిచేసుకుందాం.