పాత హోమ్ మూవీ కెమెరాల సేకరణకు మొదట ఏది కొనాలి?

నా సమాధానం, కీ ఇచ్చి నడిపే 8 ఎంఎం కెమెరా. 1932లో కొడాక్ సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో 16 ఎంఎం వెడల్పున్న 25 అడుగుల ఫిల్ముపై ముందు ఒక సగాన, చుట్టను తిరగవేసి రెండో సగాన చిత్రీకరించేవారు. ప్రాసెసింగ్ తరువాత దానిని నిలువునా చీల్చి అతికితే 50 అడుగుల 8 ఎంఎం ఫిల్ము తయారయ్యేది. ఆర్థిక మాంద్యం రోజుల్లో సొంతంగా సినిమా తీసుకోవడాన్ని చౌక చేసిన ఉపాయం ఇది కనుకనే నాకు ఈ కెమెరాలంటే అంత మక్కువ.

కొనేముందు స్ప్రింగుకు పూర్తిగా కీ ఇచ్చి, మీట నొక్కి, వేగం సమానంగా ఉందో లేదో చెవి పెట్టి వినాలి. లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి బూజు పోగులు కనిపిస్తాయి. బూజు గాజును కొరికివేస్తే ఎంత తుడిచినా మచ్చ పోదు. 1965లో వచ్చిన సూపర్ 8 రకం కెమెరాలు దాదాపు అన్నీ బ్యాటరీతో నడిచేవే కాబట్టి, వాటిలో బ్యాటరీ గది తుప్పు పట్టలేదని నిర్ధారించుకోవాలి.

ఫిల్ము అడుగులను చూపే ముల్లు మధ్యలో ఆగి ఉంటే లోపల ఎవరో సగం వాడిన చుట్ట ఉండవచ్చు. అటువంటి కెమెరా మూతను దయచేసి చీకటిగదిలోనే తీయండి, ఒక కుటుంబపు దృశ్యాలు అందులో ఇంకా మిగిలి ఉండే అవకాశం ఉంది.