ట్రైలోబైట్ ఏ జాతిదో తర్వాత, ముందు రాయి ఏ ఊరిదో చెప్పండి

చెన్నైలో కొన్న రాయి మీద పక్కటెముకల్లాంటి గీతలున్నాయి, అమ్మినాయన ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిన, ఒంటి నిండా ఖండాలున్న సముద్రపు పురుగు లాంటి జీవి) అన్నాడు, జాతి ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు. రాయి ఎక్కడ దొరికిందో మాత్రం రాయలేదు. అది తెలియకపోతే మిగతాదంతా దండగ. నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది.

నాలుగేళ్ల కిందట మా బావమరిది తమిళనాడులోని అరియలూరు సున్నపురాయి గనుల వైపు పని మీద వెళ్లి, వస్తూ అరచేయంత రాయి తెచ్చాడు. వంపు తిరిగి ఉంది, మీద వరసగా గట్లు. "బావా, ఏదో పురుగులా ఉంది చూడు" అన్నాడు. అప్పటికి వారం నుంచి నేను శిలాజాల వీడియోలు తెగ చూస్తున్నాను. ట్రైలోబైట్ అని తేల్చేశాను. అమ్మ చూసి "సాలగ్రామంలా ఉందిరా" అంటే నవ్వాను. గట్లు లెక్కపెడితే 11 వచ్చాయి. ఫాకాప్స్ అనే ట్రైలోబైట్ రకానికి నడుములో 11 ఖండాలే! ఇక ఆగుతానా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందని అడిగితే ఒక్కరూ పలకని గ్రూపు అది. దీనికి మాత్రం వరసగా దండాలు.

సాయంత్రం మూడో అంతస్తు పెద్దాయన లుంగీలోనే దిగొచ్చారు. నెల్లూరాయన, జియాలజిస్టుగా రిటైరయ్యారు. రాయి ముట్టుకోకుండానే "ఏ ఊరిది బాబూ?" అన్నారు.

"అరియలూరు సార్."

"అయితే కాదు."

నాకు మండింది. అప్పుడు కూర్చుని చెప్పారు. అక్కడివి క్రెటేషియస్ రాళ్లు, ఇంచుమించు 10 కోట్ల ఏళ్లవి. ట్రైలోబైట్లు కనిపించేది 52 కోట్ల ఏళ్ల కిందటి నుంచి, ఆఖరివి పోయింది 25 కోట్ల ఏళ్ల కిందట. "ఈ రాయి పుట్టేసరికి వాటికి తద్దినం పెట్టేవాళ్లు కూడా లేరు" అన్నారు. మన దేశంలో కావాలంటే హిమాచల్‌లోని స్పితి, కశ్మీర్ దాకా పోవాలట.

తర్వాత భూతద్దం చేతికిచ్చారు. ట్రైలోబైట్ ఒంటి మీద పొడుగునా రెండు గాడులు నడిచి దాన్ని మూడు పాయలు చేస్తాయి, పేరు అందుకే వచ్చింది. తల, నడుము, తోక కలిపి మూడు అనుకునేవాళ్లే ఎక్కువ, మా అబ్బాయికి సైన్స్ చెప్పే టీచర్‌తో సహా. నా రాయి మీద గట్లు ఈ పక్క నుంచి ఆ పక్కకు ఆగకుండా పోతున్నాయి. పైపొర అరిగిన చోట ఆకు అంచుల్లా మెలికల గీతలు. లోపలి గదుల గోడలు పెంకుకు అతికే చోట్లట అవి. అంటే అమ్మొనైట్ ముక్క. చూడ్డానికి నత్త, చుట్టరికం స్క్విడ్‌తో. నేపాల్ గండకి నది సాలగ్రామాల్లో కనిపించే చక్రాలూ అమ్మొనైట్లవే. అమ్మ చెప్పిందే దగ్గర!

మీది మొరాకో లాంటి చోటి నుంచి వచ్చిందైతే ఆశ ఉంది. కానీ నకిలీలూ అక్కడి నుంచే ఎక్కువ. చిన్న చిన్న గాలిబుడగల గుంటలుంటే అచ్చు పోసిన సరుకే. అసలుదని తేలితే తల చూడండి. చాలా రకాల్లో కళ్ల పక్కగా ఒక అతుకు గీత పోతుంది, అది ఎటు పోయిందన్నదే వర్గం తేల్చడంలో పెద్ద ఆధారం. కుబుసం విడిచేటప్పుడు ఆ గీత దగ్గరే చెంపలు ఊడతాయి కాబట్టి చెంపలు లేని తలలు బోలెడు దొరుకుతాయి, కొత్త జాతి అనుకుని సంబరపడకండి. తర్వాత నడుము ఖండాలు: కాలిమీన్ అనే రకానికి 13, అగ్నోస్టిడ్లు అనే రకాలకి 2. పిల్లదైతే ఈ లెక్క పనికిరాదు, కుబుసం విడుస్తూ పెరిగేకొద్దీ ఖండాలూ పెరుగుతాయి.

పోల్చుకోడానికి నా రాయి ఫొటో పెడదామనుకున్నాను. అమ్మ దాన్ని ఆ రాత్రే దేవుడి గదిలో పెట్టేసింది, నాలుగేళ్ల గంధంతో ఆ మెలికల గీతలన్నీ పూడిపోయాయి. కడుగుతానంటే ఒప్పుకోవట్లేదు.