లంబసింగి చలిలో ముందు ఫోర్క్ రాయిలా అయితే

మీ బైక్ ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు తట్టుకునే గొట్టాలు) చెడిపోలేదండీ, చలికి లోపలి ఆయిల్ చిక్కబడింది. విజయవాడలో బాగానే ఉండి, లంబసింగి ఘాట్‌లో తెల్లవారుజామున తడి రోడ్డు మీద వరుస గుంతలకు చేతులు అదిరిపోతున్నాయన్నారు కదా. ఒక గుంతకు నొక్కుకున్న ఫోర్క్ తిరిగి లేచేలోపే రెండోది వచ్చేస్తోంది. అంటే రీబౌండ్ (నొక్కుకున్న ఫోర్క్ తిరిగి లేవడం) మరీ నెమ్మదిగా ఉంది.

1. ముందు పది నిమిషాలు నెమ్మదిగా నడపండి. ఆయిల్ కాస్త వేడెక్కాకే ఫోర్క్‌ను సర్దే స్క్రూలు ముట్టుకోండి.

2. అందరూ మరిచిపోయేది ఇదే: లెక్క. రీబౌండ్ స్క్రూను గడియారం ముల్లు తిరిగే వైపు ఆగేదాకా సుతారంగా తిప్పుతూ క్లిక్‌లు లెక్కపెట్టి, ఫోన్‌లో రాసుకోండి. మళ్లీ అన్నే క్లిక్‌లు వెనక్కి తిప్పితే మీ పాత సెట్టింగ్. కంప్రెషన్ (ఫోర్క్ నొక్కుకోవడం) స్క్రూకూ ఇంతే. నేనోసారి లెక్కలేకుండా తిప్పేసి, పాత సెట్టింగ్ ఏదో తెలియక వారం తంటాలు పడ్డాను. చివర్లో బలంగా బిగించొద్దు, లోపలి సూది పాడవుతుంది.

3. అక్కడి నుంచి రీబౌండ్ ఒక్క క్లిక్ వదులు చేసి, అవే గుంతల మీద వెళ్లి చూడండి. చాలకపోతే ఇంకొకటి. ఆ తర్వాతే కంప్రెషన్ ఒక క్లిక్ వదులు చేయండి. రెండూ ఒకేసారి మార్చొద్దు.

4. బ్రేక్ వేస్తే ముందు భాగం మరీ కుంగుతోందా? కంప్రెషన్ ఒక క్లిక్ మళ్లీ బిగించండి.

ఫోర్క్ గొట్టం మీద బురద తుడిచి చూడండి. ఆయిల్ చార ఉంటే సీల్ పోయినట్టే, క్లిక్‌లతో పని కాదు.

మీ బండికి ఈ స్క్రూలే లేకపోతే, ఒక్క ట్రిప్ కోసం ఆటోనగర్‌లో పల్చటి ఆయిల్ పోయించకండి. మే నెల బెజవాడ ఎండలో ఫోర్క్ ఊగుతుంది.

నర్సీపట్నం దిగాక పాత లెక్కకు తిప్పేసుకోండి.