ఎంజీయూఎస్ అన్నారు, మందు లేదన్నారు. మళ్ళీ పరీక్ష దాకా ఎలా ఉండాలి?

మామూలు చెకప్‌లో టోటల్ ప్రోటీన్ ఎక్కువొచ్చింది, రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే ఎలక్ట్రోఫొరెసిస్ చేయిస్తే డెసీలీటరుకు 0.8 గ్రాముల ఎం ప్రోటీన్ కనబడింది, డాక్టరుగారేమో "ఎంజీయూఎస్, మందేమీ అక్కర్లేదు, ఆరు నెలల తర్వాత రండి" అని పంపేశారు, నెట్‌లో చూస్తే మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్ అని ఉంది, మందు లేకుండా ఊరికే ఎలా కూర్చోవాలి, పిల్లలకూ పరీక్ష చేయించాలా అని కదా మీరడిగింది. నేను డాక్టర్ని కానండీ. ఇదే పేరు మోస్తూ చాలా ఏళ్ళుగా తిరుగుతున్న మనిషిని. నాది ఐజీజీ అనే యాంటీబాడీ రకం. 1.1 దగ్గర బయటపడింది, ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే తిరుగుతోంది.

ఎముక మజ్జలో ప్లాస్మా కణాలుంటాయి, యాంటీబాడీలు తయారుచేసేది అవే. వాటిలో ఒకే కణం నుంచి పుట్టిన గుంపు ఒకటి అవసరం లేకపోయినా ఒకే రకం యాంటీబాడీని తయారుచేస్తూ పోతుంది. అదే ఎం ప్రోటీన్. అది డెసీలీటరుకు 3 గ్రాముల లోపు ఉండి, మజ్జలో ప్లాస్మా కణాలు 10 శాతం లోపు ఉండి, దానివల్ల ఎముకలకీ కిడ్నీలకీ రక్తానికీ ఏ దెబ్బా తగలకపోతే ఎంజీయూఎస్ అంటారు. అంటే ఇప్పటికి ఇది క్యాన్సర్ కాదు. 50 దాటినవాళ్ళలో సుమారు 3 శాతం మందికి, 70 దాటినవాళ్ళలో 5 శాతం మందికి ఉంటుంది. ఏ ఇబ్బందీ పెట్టదు కాబట్టి చాలామందికి ఉన్న సంగతే తెలియదు.

ఇది మైలోమాగానో, అలాంటి మరో జబ్బుగానో మారే అవకాశం ఏడాదికి 1 శాతం అని మీకూ చెప్పే ఉంటారు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ రాబర్ట్ కైల్ బృందం 1960–94 మధ్య ఇది బయటపడ్డ 1,384 మందిని ఏళ్ళ తరబడి గమనించి తేల్చిన లెక్క అది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఒక శాతం తగ్గదు, అందుకే పదేళ్ళయింది కదా, గండం గడిచిందిలే అని పరీక్షలు మానెయ్యడానికి లేదు. పైగా అది సగటు, అందరికీ ఒకేలా వర్తించదు. ఎం ప్రోటీన్ 1.5 లేదా అంతకంటే ఎక్కువ ఉందా, రకం ఐజీజీ కాకుండా ఐజీఏ, ఐజీఎమ్ లాంటిదా, ఫ్రీ లైట్ చెయిన్ రేషియో (రక్తంలో విడిగా తిరిగే రెండు రకాల యాంటీబాడీ ముక్కల నిష్పత్తి) తేడాగా ఉందా అని మూడు విషయాలు చూస్తారు. మూడింటిలో ఏదీ లేనివాళ్ళకి 20 ఏళ్ళలో మారే అవకాశం 5 శాతం. మూడూ ఉన్నవాళ్ళకి 58 శాతం. ఎంత తేడానో చూడండి. ఈలోగా వేరే కారణాలతో పోయేవాళ్ళనీ లెక్కలోకి తీసుకుంటే ఆ 5 కాస్తా 2 అవుతుంది.

అందుకే మీరు నెట్ కట్టేసి ముందు చెయ్యాల్సిన పని, మీరు ఏ గుంపులోకి వస్తారో డాక్టరుగారిని సూటిగా అడగడం. మీ ప్రశ్నలో 0.8 అని ఉంది గానీ, రకం ఏమిటో, రేషియో ఎంతో లేదు. రకం తేల్చే ఇమ్యునోఫిక్సేషన్, రేషియో చెప్పే ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు చేయించకపోయి ఉంటే అవి కావాలి. నాకు మూడింటిలో ఏదీ లేదు కాబట్టి బోన్ మ్యారో (మజ్జ) తీసి పరీక్ష చెయ్యలేదు. మొదట ఆరు నెలలకు, తర్వాత ఏడాదికోసారి, ఇప్పుడు రెండేళ్ళకోసారి చాలన్నారు. మూడూ ఉన్నవాళ్ళకి ఈ షెడ్యూలు పనికిరాదు.

ఇప్పుడు రిపోర్టు సంగతి. అందులో ఒక గ్రాఫ్ ఉంటుంది, ఓసారి తీసి చూడండి. ఎడమ చివర ఎత్తుగా లేచేది ఆల్బుమిన్. కుడి చివర గామా భాగం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అక్కడ వెడల్పుగా, పల్చగా ఒక గుట్ట ఉంటుంది. మనకి ఆ గుట్ట మీద సన్నగా ముల్లులా ఒకటి పొడుచుకొస్తుంది. దాని మొదట్లో అటూ ఇటూ నిలువు గీతలు పెట్టి, మధ్యలో ఎంతుందో కొలుస్తారు. గీత కాస్త పక్కకి జరిగితే అంకె మారిపోతుంది. కాబట్టి 0.8 వచ్చింది ఈసారి 0.9 అయితే పెరిగిందని కాదు. నావి వరసగా 1.1, 1.0, 1.3, మళ్ళీ 1.1. ఆ 1.3 వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ టెన్షన్. మా డాక్టరుగారు మాత్రం అంకె చూసి, వెంటనే హీమోగ్లోబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాల్షియం ఉన్న పేజీకి వెళ్ళిపోయారు. అవి కదలకపోతే కంగారు లేదన్నారు. ఎం ప్రోటీన్ ముందున్న అంకె మీద ఇంకో 0.5 దాకా పెరిగితే అప్పుడు గట్టిగా పట్టించుకుంటారట.

అందుకే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఇంకో మెలిక కూడా ఉంది. కొన్ని రిపోర్టుల్లో మొత్తం ఐజీజీ విడిగా ఇస్తారు, దాన్నీ ఎం ప్రోటీన్‌నీ కలిపేసుకోవద్దు. ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చినా మొత్తం ఐజీజీ పెరుగుతుంది. ఫ్రీ లైట్ చెయిన్ రేషియో మామూలుగా 0.26 నుంచి 1.65 మధ్య ఉండాలి. కిడ్నీలు నెమ్మదిస్తే మాత్రం అది దానంతటదే కొంత పైకి జరుగుతుంది, కాబట్టి క్రియాటినిన్ పక్కన పెట్టుకుని చదవాలి. నేను ఒకే కాగితం మీద తేదీ, ఎం ప్రోటీన్, రేషియో, హీమోగ్లోబిన్, క్రియాటినిన్, కాల్షియం అని గడులు గీసుకుని నింపుతుంటాను. ఫైలంతా తిరగెయ్యక్కర్లేదు, ఏ డాక్టరు ముందైనా అది పెడితే చాలు. రిపోర్టు ముందే ఫోన్‌కి వచ్చినా డాక్టరుని కలిసే రోజు పొద్దున దాకా తెరవను. ఎర్ర అంకెలు చూసుకుంటూ ఒంటరిగా రాత్రంతా కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇది అందరివల్లా కాదని మా ఇంట్లోనే ఒకరు అంటారు, అదీ నిజమే.

మధ్యలో ఒంటిని ఎంతవరకు గమనించాలన్నది అసలు కష్టం. ఒకప్పుడు పట్టించుకోని నడుంనొప్పి ఇప్పుడు మైలోమాలా అనిపిస్తుంది. నేను పెట్టుకున్న నియమం ఇదీ: పని వల్ల వచ్చి రెండు రోజుల్లో పోయేది వదిలేస్తాను. వీపులోనో పక్కటెముకల్లోనో ఒకే చోట వచ్చి, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే తేదీ కోసం ఆగకుండా ఫోన్ చేస్తాను. కారణం లేకుండా బరువు తగ్గడం, మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు కూడా అంతే.

వీటితోపాటు చాలామంది చెప్పనివి కొన్ని ఉన్నాయి. మూత్రంలో ఆగకుండా నురగ, కాళ్ళ వాపు, పాదాల్లో తిమ్మిర్లు, నాలుక మందంగా అవడం, కళ్ళ చుట్టూ కమిలినట్టు మచ్చలు. ఇవి మైలోమా కంటే అమిలాయిడోసిస్ (ప్రోటీన్ అవయవాల్లో పేరుకుపోయే జబ్బు) వైపు చూపిస్తాయి. ఎం ప్రోటీన్ కొంచెమే ఉన్నా, దాని గుణం చెడ్డదైతే కిడ్నీలోనో గుండెలోనో నరాల్లోనో పేరుకుపోయి చెడుపు చెయ్యగలదు. అంకె తక్కువ కదా అని వీటిని మాత్రం పక్కన పెట్టకండి. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మీ లిస్టులో లేకపోతే అడిగి రాయించుకోండి.

మందు లేదన్నారని చెయ్యడానికేమీ లేదనుకోకండి. మనకి ఎముకలు విరిగే అవకాశం మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువ, కాబట్టి ఎముకల సాంద్రత, విటమిన్ డి చూపించుకోవడం మంచిది. ఫ్లూ, న్యుమోనియా టీకాల సంగతి కూడా అడగండి. వేరే దేనికి ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఇది ఉందని చెప్పండి. దీన్ని పోగొడతామనే పొడులు, మాత్రలు బోలెడు అమ్ముతారు. పోగొట్టినట్టు రుజువైంది ఒక్కటీ లేదు.

పిల్లల సంగతి. దగ్గరి రక్తసంబంధీకులకి ఇది వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఉంటుంది. అయినా ఏ లక్షణమూ లేనివాళ్ళకి వెతికి మరీ పరీక్ష చెయ్యమని డాక్టర్లు చెప్పడం లేదు. దొరికినా ఇవ్వడానికి మందు లేదు, మిగిలేది ఆందోళనే. అలా వెతకడం వల్ల మేలుందా లేదా తేల్చడానికే ఐస్‌లాండ్‌లో 75 వేల మందికి పైగా పరీక్ష చేసి గమనిస్తున్నారు. కుటుంబంలో ఒకరికంటే ఎక్కువమందికి మైలోమా వచ్చి ఉంటే మాత్రం లెక్క వేరు, అది మీ డాక్టరుతో మాట్లాడాల్సిన విషయం. మా అబ్బాయికి నేను చేయించలేదు, ఇలా ఉందని మాత్రం చెప్పాను.