క్లిప్పులు పెట్టకముందు తీసే ఫోటోలు

చి. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీకు ఆర్థోడాంటిక్స్‌లో, అంటే వంకర పళ్లు క్లిప్పులతో సరిచేసే విభాగంలో, పీజీ సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. వైర్లు వంచడం, బ్రాకెట్లు అతికించడం మీ ప్రొఫెసర్లు దగ్గరుండి నేర్పిస్తారు. ఫోటోల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికి వీలైతే వాళ్లు గబగబా తీసేస్తుంటారు. నువ్వు అలా చేయకు తల్లీ. కొలత తీసుకున్న అచ్చు పాడైతే మర్నాడు పిలిచి మళ్లీ తీసుకోవచ్చు. పళ్లు కదలడం మొదలయ్యాక మొదటి రోజు నోరు మళ్లీ దొరకదు. అందుకే పళ్ల మధ్య చోటు కోసం పెట్టే సెపరేటర్లు కూడా పెట్టకముందే, పన్ను తీయించడానికి పంపకముందే ఫోటోలన్నీ అయిపోవాలి.

కెమెరా కొనడానికి కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తావు కదా, అక్కడ కెమెరా బాడీ మీద కన్నా లెన్స్ మీద ఎక్కువ డబ్బు పెట్టు. చిన్న వాటిని దగ్గరగా, పెద్దగా తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్, దాని ముందు బిగించే రింగ్ ఫ్లాష్ ఉంటే చాలు. బాడీలో సెన్సర్ చిన్నదై, గది ఇరుకైతే 60 ఎంఎం మాక్రో హాయిగా ఉంటుంది. ఫోన్‌తో దగ్గర నుంచి ముఖం ఫోటో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ముక్కు, పెదవి, గడ్డం ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతున్నాయో చూసి వైద్యం నిర్ణయించే మనకు ఆ ఫోటో అబద్ధం చెబుతుంది. ఫోన్ తప్ప గతి లేకపోతే కనీసం ఒకటిన్నర మీటరు దూరం జరిగి, దూరంవి దగ్గరగా చూపే టెలి లెన్స్‌తో తియ్యి. వానాకాలంలో లెన్స్‌కి బూజు పడుతుంది, సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టు.

ఇక ముఖం సంగతి. పేషెంటును గోడకు ఆనించి నిలబెట్టకు, వెనక నీడ పడుతుంది. అర మీటరైనా ముందుకు రప్పించు. కళ్లజోడు తీయించి, జుట్టు చెవుల వెనక్కి నెట్టించు. అన్నిటికన్నా ముఖ్యం తల. గడ్డం కాస్త పైకి లేస్తే కింది దవడ ముందుకు వచ్చినట్టు, కాస్త దిగితే వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. అంటే దవడలో లేని జబ్బును ఫోటోలో మనమే పుట్టిస్తామన్నమాట. తలను చేత్తో పట్టి సరిచేయకు. ఎదురుగా కళ్ల ఎత్తులో అద్దం పెట్టి, "నీ కళ్లలోకి నువ్వే చూసుకో" అని చెప్పు. తల దానంతటదే కుదురుకుంటుంది.

పెదవులు ఇంకా మొండివి. ఎత్తు పళ్లున్న పిల్లలు కెమెరా చూడగానే పెదవులు సాగదీసి మూసేస్తారు, అప్పుడు గడ్డం మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటలు కూడా మనకు పనికొచ్చే సమాచారమే, కాబట్టి అదొక ఫోటో తీసి ఉంచు. కానీ పెదవులు వదులుగా ఉన్న ఫోటో తప్పకుండా కావాలి. అందుకు "అమ్మ" అనమను. ఆ మాటకు పెదవులు ఒకసారి కలిసి విడిపోతాయి. విడిపోయి ఆగిన ఆ క్షణంలోనే బటన్ నొక్కు. నవ్వే ఫోటోకి రెండు మూడు సార్లు నవ్వించి చూడు. ఇన్నేళ్లూ చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్విన పిల్ల మొదటిసారే నీ ముందు నిండుగా నవ్వదు.

పాతబస్తీ నుంచి బుర్ఖాలో వచ్చే ఆడపిల్లల దగ్గర ఇంకొంచెం ఓపిక పట్టు. తలుపు వేసి, లోపల ఆడవాళ్లమే ఉన్నామని ముందే చెప్పు. చెవి కనిపించడం ఎందుకు అవసరమో వివరించు. అయినా స్కార్ఫ్ తీయనంటే బలవంతం వద్దు, దవడ అంచు కనిపించేలా సర్దుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది.

నోటి లోపలి ఫోటోలు ఐదు: ఎదురుగా, కుడి, ఎడమ, పై వరస, కింది వరస. ముందు నీ నోట్లో నువ్వే రిట్రాక్టర్ (పెదవులు, బుగ్గలు పక్కకు లాగి పట్టే పరికరం) పెట్టించుకుని చూడు, పెదవి మూలల్లో ఎంత లాగుతుందో తెలుస్తుంది. పేషెంటుకు పెట్టేటప్పుడు దాన్ని తడిపి పెట్టు. పక్క ఫోటో తీసేటప్పుడు ఆ వైపు గట్టిగా లాగి, రెండో వైపు వదిలెయ్యి. "వెనక పళ్లు కలిపి కొరుకు, ముక్కుతో గాలి పీల్చు" అని చెప్పు. పై, కింది వరసలు తీయడానికి నోట్లో పెట్టే అద్దాన్ని గోరువెచ్చని నీళ్లలో ముంచి తీస్తే ఆవిరి పట్టదు. ఉమ్ము సక్షన్‌తో లాగేసి, గాలి కొట్టి, వెంటనే తియ్యి. కెమెరాలో అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 22, షట్టర్ సెకనులో 1/125 వంతు, ఐఎస్ఓ (వెలుతురును గ్రహించే స్థాయి) 100 లేదా 200తో మొదలుపెట్టు. ముఖానికి ఎఫ్ 8 నుంచి 11 సరిపోతుంది. ఎదురు ఫోటోలో ఫోకస్ ముందు పళ్ల మీద పెడితే వెనకవి మసకబారతాయి, కోరపళ్ల దగ్గర పెట్టు. ఆటో ఫోకస్ ఆపేసి, నువ్వే ముందుకూ వెనక్కూ ఊగుతూ స్పష్టత తెచ్చుకో.

కోణం దగ్గర చాలా జాగ్రత్త. కెమెరా కాస్త పైనుంచి చూస్తే పై పళ్లు కింది పళ్లను మరీ ఎక్కువగా కప్పేసినట్టు వస్తుంది, కింద నుంచి చూస్తే ఆ లోతు తగ్గిపోతుంది. పక్క ఫోటో ఇంకా మోసం చేస్తుంది. కోరపన్నుకు లంబంగా నిలబడకుండా ముందు నుంచి ఏటవాలుగా తీస్తే, క్లాస్ టూ (పై పళ్లు కింది వాటికన్నా ముందుకు ఉండటం) ఉన్న నోరు క్లాస్ వన్‌లా (పళ్లు సరిగ్గా కుదిరినట్టు) కనిపిస్తుంది. వైద్యం పూర్తయ్యాక తీసిన కొన్ని పక్క ఫోటోలు అంత అందంగా ఉండటానికి కారణం ఇదే. నీ ఫోటోల్లో అలాంటిది రాకూడదు. మొదటి రోజు ఏ కోణం, ఏ దూరం, ఏ వెలుతురో చివరి రోజూ అవే ఉండాలి. క్లిప్పులు తీసిన రోజు చిగుళ్లు వాచి ఉంటాయి. ఆ రోజు ఒక సెట్ తీసినా, వాపు తగ్గాక పిలిచి మరో సెట్ తియ్యి.

పేషెంటు కుర్చీ దిగకముందే ప్రతి ఫోటో పెద్దది చేసి చూడు. అద్దంలో తీసినవి తిప్పి, పేషెంటు నంబరుతో ఆ రోజే కంప్యూటర్‌లో భద్రం చెయ్యి. ఫోన్ గ్యాలరీలో ఒక్కటి కూడా ఉంచకు. కళ్ల మీద నల్ల పట్టీ వేసినంత మాత్రాన మనిషిని గుర్తుపట్టరని అనుకోకు, సొంతవాళ్లు పెదవి చూసి పోల్చుకుంటారు. వైద్యానికి తీయడానికి ఒక అనుమతి, క్లాసులో చూపడానికి ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి ఇంకొకటి, వేర్వేరుగా రాయించుకో. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ వయసువాళ్లే కాబట్టి తల్లిదండ్రుల సంతకం తప్పదు. మూడోదానికి వద్దంటే నవ్వుతూ సరేనను, వైద్యంలో ఏ తేడా రానివ్వకు.

ఆదివారం ఇంటికి రా. అద్దం పట్టుకునే తీరు కాగితం మీద చెప్పడం కష్టం, చేతిలో పెట్టి చూపిస్తాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ