చదివింది గుర్తులేకపోతే చదవనట్టేనా?

ప్రశ్న: చాలాకాలం తర్వాత ఈ ఏడాది మళ్లీ కథలు, నవలలు పట్టుకున్నాను. పరీక్షల కోసం కాదు, ఇష్టం కొద్దీ. తీరా ఏడాది చివర లిస్టు రాద్దామని కూర్చుంటే కొన్నింటికి పేరు తప్ప కథ గుర్తురావడం లేదు. కొన్ని సగంలో వదిలేశాను. స్నేహితులు ఇన్ని చదివాం, అన్ని చదివాం అంటుంటే టెన్షన్‌గా ఉంది. నేను చదివినట్టేనా, మేడమ్?
- ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా చదివినట్టే. రాత్రి ఇంకొక్క పేజీ అనుకుంటూ మేలుకున్నారు చూడండి, ఆ సంతోషం అప్పుడే మీకు దక్కింది. తర్వాత కథ మరిచిపోయినంత మాత్రాన అది వెనక్కి పోదు.

మరుపు గురించి ఒక మాట చెప్పాలి. జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే పరీక్షించుకుని 1885లో ప్రచురించాడు. గంట తిరిగేసరికే సగానికి పైగా పోయేవి. అయితే నాకు నచ్చింది రెండో సంగతి. మరిచిపోయామనుకున్నవి మళ్లీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటే తక్కువ సమయం పట్టేది. అంటే లోపల ఎంతో కొంత మిగిలే ఉంటుందన్నమాట. అర్థంలేని అక్షరాలే అలా మిగిలితే, మనసుపెట్టి చదివిన కథ మిగలదా?

పదహారో శతాబ్దపు ఫ్రెంచ్ రచయిత మాంటేన్‌దీ మీ బాధే. ఎప్పుడో చదివి, అంచుల్లో రాసుకున్న పుస్తకాన్నే కొత్తదనుకుని మళ్లీ తెరిచేవాడట. అందుకని పుస్తకం ముగించిన తేదీ, దాని మీద తన అభిప్రాయం చివర్లో రాసిపెట్టడం అలవాటు చేసుకున్నాడు. నేనూ ఏళ్లుగా అదే చేస్తున్నాను. సొంత పుస్తకమైతే చివరి పేజీలో పెన్సిల్‌తో, అరువుదైతే నోట్‌బుక్‌లో. మొన్న ఒక నవల తీస్తే వెనక ఇలా ఉంది: ‘జ్వరంలో చదివాను. పెద్దకొడుకు మారిపోవడం నమ్మబుద్ధి కాలేదు. తల్లి ఉత్తరం మాత్రం మళ్లీ చదవాలి.’ వెంటనే ఆ ఉత్తరం పేజీ వెతికాను. దాంతో ఇల్లు, వాళ్ల గొడవ, ఆఖరికి ఆ కొడుకు మీద నా కోపం కూడా వరసగా గుర్తొచ్చాయి. కథాసంక్షేపం ఎంత రాసుకున్నా ఇంత పని చేయదు.

ఇక లెక్కలంటారా? ఒక్క రాత్రిలో పరుగెత్తించే డిటెక్టివ్ నవలా, నెలంతా రోజుకో పద్యం చొప్పున చదివిన సన్నటి పుస్తకమూ లిస్టులో చెరొక అంకె. నాకు ఆ అంకెతో పనిలేదు. ఏ పుస్తకం గురించి ఎవరినో పట్టుకుని మరీ చెప్పాను, ఏది చదివాక అదే రచయిత ఇంకో పుస్తకం కోసం వెతికాను, ఇవే చూసుకుంటాను.

సగంలో ఆపినవాటిని కూడా లిస్టులో రాయండి, ఎందుకు ఆపారో పక్కన ఒక్క ముక్కతో. ‘విసుగు’ అని రాసినదాన్ని ఇచ్చేయండి. ‘ఇప్పుడు ఓపిక లేదు’ అని రాసినదాన్ని మాత్రం ఆపిన పేజీలో కాగితం ముక్క పెట్టి దాచండి. పేర్లు మాత్రమే గుర్తున్నవాటిలో ఒకదాన్ని ఈ వారమే తీసి, మధ్యలో ఎక్కడైనా పది పేజీలు చదవండి. ఏమేం గుర్తొచ్చాయో నాకు తప్పక రాయండి.